మీ ప్రశ్నలు – మా సమాధానాలు: రెజ్యూమే చేరింది సరే, చదవడానికి వీలుందా?

ప్రశ్న: నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తి చేశాను. మా ఊరి నెట్ సెంటర్‌లో తయారు చేయించుకున్న రెజ్యూమేను పైడిభీమవరం, విశాఖపట్నం పరిసరాల్లోని మందుల కంపెనీలకు ఈమెయిల్‌లోను, వాటి వెబ్‌సైట్ల ద్వారాను పంపుతున్నాను. మార్కులు బాగానే ఉన్నా ఒక్కచోట నుంచి కూడా పిలుపు రాలేదు. లోపం ఎక్కడుందంటారు?
– ఒక పాఠకుడు, రణస్థలం

సమాధానం: మార్కుల సంగతి తరువాత చూద్దాం. ముందుగా మీరు పంపిన ఫైలునే ఫోనులో తెరిచి, అందులో మీ పేరు మీద వేలు కాసేపు నొక్కి ఉంచండి. అక్షరాల మీద రంగు పట్టీ వచ్చి, కాపీ చేసుకోమని అడిగితే ఇబ్బంది లేదు. ఎంతసేపు నొక్కినా ఏమీ జరగకపోతే మాత్రం మీ ఫైలులో ఉన్నది అక్షరాల బొమ్మే అనుకోవచ్చు. నెట్ సెంటర్లలో తరచూ ఏం చేస్తారంటే, టైపు చేసి, ప్రింటు తీసి, మన చేత సంతకం పెట్టించి, ఆ కాగితాన్నే మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపిస్తారు. కంటికి అది శుభ్రంగానే కనిపిస్తుంది. అయితే పెద్ద కంపెనీలు చాలావరకు, వచ్చిన దరఖాస్తులన్నింటినీ ఒక సాఫ్ట్‌వేర్‌లో నిల్వ చేసి, తమకు కావలసిన అర్హతల పేర్లతో అందులో వెతుక్కుంటాయి. బొమ్మలోని అక్షరాలను ఆ సాఫ్ట్‌వేర్ గుర్తించలేకపోతే, వాళ్లు హెచ్‌పీఎల్‌సీ (మందుల్లోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) తెలిసినవారి కోసం వెతికినప్పుడు, ఆ యంత్రం మీద మీకెంత చేయి తిరిగినా మీ పేరు జాబితాలోకి రాదు.

కాబట్టి సెంటర్ వారిని అడిగి అసలు వర్డ్ ఫైలును మీ ఈమెయిల్‌కు పంపించుకోండి. డబ్బిచ్చి చేయించుకున్నది కనుక మొహమాటపడనక్కరలేదు. ఆ ఫైలు నుంచే నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. కంపెనీ వర్డ్ ఫైలే కావాలంటే అదే పంపండి. ప్రైవేటు ఉద్యోగానికి పంపే రెజ్యూమే మీద సంతకం అక్కరలేదు. 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అనే పేరా తీసేసినా నష్టం లేదు. ఆ నాలుగు పంక్తుల చోటులో మీరు కాలేజీ ల్యాబులో చేసిన టైట్రేషన్లు, వాడిన పరికరాలు, చేసిన ప్రాజెక్టు రాసుకోవచ్చు. ఉద్యోగ ప్రకటనలో వారు ఏ పేర్లు వాడారో, వాటిలో మీకు నిజంగా వచ్చినవాటిని అవే పేర్లతో రాయండి. రానివి ఇరికిస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడతాయి.

పేజీని నిలువునా రెండు భాగాలు చేసి, రంగురంగుల గడులు పెట్టే నమూనాలు ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నాయి. నాకు మటుకు అవి నచ్చవు. అటువంటి ఫైలులోని మాటలన్నీ కాపీ చేసి ఫోనులోని నోట్స్‌లో అతికించి చూడండి. చదువు పక్కన ఫోన్ నంబరు, దాని కింద సగం చిరునామా వస్తే, కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ అలాగే అందే ప్రమాదం ఉంది.

ఇక ఈమెయిల్ సంగతి. ఇరవై కంపెనీల చిరునామాలను ఒకే వరుసలో పెట్టి ఒకేసారి పంపితే, ఆ వరుస అందరికీ కనిపిస్తుంది. అది చూసినవారు మీ ఫైలు తెరవకుండానే పక్కన పెట్టవచ్చు. ఒక్కొక్కరికి విడిగా పంపండి. సబ్జెక్టులో ఉద్యోగం పేరు, మీ పేరు, అర్హత ఉండాలి. లోపల నాలుగు వాక్యాలైనా రాయాలి. ఫైలుకు 'ఫైనల్ న్యూ 2' అని కాక మీ పేరే పెట్టండి. జీమెయిల్‌లో 25 ఎంబీ వరకు జతచేయవచ్చు గానీ, కంపెనీల వెబ్‌సైట్లు చాలా తక్కువ పరిమితి పెడుతుంటాయి. అక్కడ రాసిన అంకె చూసుకోండి.

ప్రశ్న: నెట్ సెంటర్‌లో ఉన్న బయోడేటా నమూనాలో తండ్రి లేదా భర్త పేరు, కులం, ఆధార్ నంబరు, ఫొటో అన్నీ అడుగుతున్నారు. అవన్నీ ఇవ్వాలా?
– ఒక పాఠకురాలు, గరివిడి

సమాధానం: అవసరం లేదమ్మా. ఆధార్ నంబరు అసలే వద్దు. ఉద్యోగం ఖాయమయ్యాక గుర్తింపు పత్రం అడిగినప్పుడు చూపవచ్చు. ఎవరికైనా కాపీ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి తీసుకోవచ్చు. పేరు, ఊరు, ఫోను, ఈమెయిల్ ఉంటే చాలు. కంపెనీ కోరితేనే ఫొటో జతచేయండి. సెంటర్‌లో పని ముగించుకుని లేచేముందు మీ ఈమెయిల్ నుంచి లాగవుట్ అయ్యి, డౌన్‌లోడ్స్‌లో మిగిలిన మీ ఫైలును తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయండి.

ప్రశ్న: ఒక స్థానిక విద్యాసంస్థ తెలుగులో రెజ్యూమే పంపమంది. డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి వర్డ్ ఫైలు పంపితే, అక్కడ పిచ్చిగీతలు కనిపిస్తున్నాయన్నారు.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

సమాధానం: అది 'అను' వంటి పాత ఫాంట్లలో టైపు చేసి ఉంటుంది. వాటిలో తెలుగు అక్షరాలు లోలోపల ఇంగ్లిషు అక్షరాల సంకేతాలతోనే నిల్వ అవుతాయి కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరాలకూ వేరే సంకేతాలుండే ప్రామాణిక పద్ధతిలో, టైపు చేయమని అడగండి. మీ ఫోనులోని తెలుగు కీబోర్డు యూనికోడ్‌దే. గూగుల్ డాక్స్‌లో మీరే టైపు చేసి, పీడీఎఫ్‌గా దించుకుని, ముందుగా మరొకరి ఫోనుకు పంపి, వత్తులు, గుణింతాలు సరిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాకే సంస్థకు పంపండి.