సరదా టార్గెట్ షూటింగ్‌కి 1873 కోల్ట్ నకలు కొనాలంటే ఏం చూడాలి?

అమెరికాలో ఉంటున్నాను, రేంజిలో సరదాగా కాల్చడానికి కౌబాయ్‌ల నాటి సింగిల్ యాక్షన్ (ప్రతి తూటాకీ వెనకున్న సుత్తిని, అంటే హ్యామర్‌ని, వేలితో లాగాల్సిన) రివాల్వర్ నకలు కొనాలి, ఏది మేలు అని అడిగారు. కంపెనీ సంగతి తర్వాత, ముందు కాలిబర్ (ఏ సైజు తూటా పడుతుందన్నది) తేల్చుకోండి. తరచూ వెళ్లేవాళ్లకి కొన్నాళ్లకే తూటాల ఖర్చు తుపాకీ ధరను దాటిపోతుంది.

నా ఓటు .357 మాగ్నమ్‌కే. అందులో .38 స్పెషల్ తూటాలు కూడా పడతాయి. వాటితో చెయ్యి అదరదు, జేబుకీ చిల్లు పడదు. .45 కోల్ట్ చరిత్రకు దగ్గర, నిజమే, కానీ తూటా ఖరీదెక్కువ.

ఈ నకళ్లు ఎక్కువగా ఇటలీ నుంచి వస్తాయి: ఉబెర్టి, పియెట్టా కంపెనీలవి. రెండూ బాగానే ఉంటాయి. షాపువాళ్లని అడిగి, ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకుని, హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగండి. అప్పుడు సిలిండర్ని (తూటాలు పెట్టే గుండ్రటి భాగాన్ని) వేళ్లతో కదిపితే గట్టిగా కూర్చుని ఉండాలి. లొడలొడలాడితే పక్కన పెట్టేయండి.

సిలిండర్లో తూటాల గదులు ఆరున్నా పాత డిజైన్‌లో ఐదే నింపాలి. హ్యామర్ తూటా మీద ఆని ఉండగా తుపాకీ కింద పడితే పేలిపోవచ్చు. ఒకటి నింపి, ఒకటి వదిలి, నాలుగు నింపి, హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగా దించితే అది ఖాళీ గది మీదే దిగుతుంది. చదివితే తికమకగా ఉంటుంది గానీ రెండుసార్లు చేస్తే చేతికే వచ్చేస్తుంది. ఈ టెన్షన్ వద్దనుకుంటే ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బని తూటాకి చేరనిచ్చే పట్టీ) ఉన్న రూగర్ వకేరో చూడండి. అచ్చమైన నకలు మాత్రం కాదు.