ఆ మెసేజ్‌లు చెరిపెయ్యకు

పర్లాకిమిడి

అమ్మడూ,

పాత ఆఫీసువాడు మెసేజ్‌లతో వెంటపడుతున్నాడని చెప్తుంటే నిన్న ఫోన్‌లో నీ గొంతు వణికింది. "నంబర్ మార్చేస్తే పోతుంది కదా పెద్దమ్మా" అన్నావు. నా ఉద్యోగం రోజుల్లో ఒకడు ఇలాగే వెంటపడితే, వాడు రాసిన ఉత్తరాలన్నీ అసహ్యమేసి పొయ్యిలో పెట్టేశాను. తర్వాత పోలీస్ స్టేషన్‌కి వెళ్తే చూపించడానికి చిన్న కాగితం ముక్క లేదు. నువ్వలా చెయ్యకు.

నీ వెంటపడుతున్నవాడికి ఒక్కసారి స్పష్టంగా రాయి: "నాకు ఫోన్ చెయ్యొద్దు, మెసేజ్ పెట్టొద్దు." ఆ తర్వాత తిట్టినా, బతిమాలినా జవాబివ్వకు. వద్దన్నాక కూడా మళ్లీ మళ్లీ వెంటపడటం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు. నువ్వు వద్దని రాసిన ఆ మెసేజే రేపు నీకు బలం. నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకో. అసలు మెసేజ్‌లు మాత్రం ఆ ఫోన్‌లోనే ఉండాలి. ఓ నోటుబుక్‌లో తేదీ, టైము, చోటు, చూసినవాళ్ల పేర్లు రాసుకో. మొన్న స్టేషన్‌లో రైలు దిగగానే ఎదురొచ్చి నిలబడ్డాడన్నావే, అదీ రాయి.

నువ్వుండేది ఒడిశాలోని గుణుపూర్, మీ పాత ఆఫీసు ఆంధ్రాలోని పాతపట్నం. ఏ పోలీసుల దగ్గరికి వెళ్లాలా అని కదా నీ టెన్షన్? ఎక్కడికైనా వెళ్లు. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా రాసుకునే కేసు) రాసి, పరిధి ఉన్న స్టేషన్‌కి వాళ్లే పంపాలి. ఒడియా రాయడం రాదని బెంగపడకు. నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి. ఇలాంటి కేసులో రాసుకునేది మహిళా అధికారే కావాలి. అర్థం కానిదాని మీద సంతకం పెట్టకు, నేను పక్కనే ఉండి తెలుగులో చెప్తాను. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకో. కేసు రాయకపోతే ఎస్పీకి పోస్టులో పంపుదాం, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది.

ఆఫీసులో ఉండగా వాడు చేసిన వెకిలి పనులకి అక్కడ లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీకి కూడా రాయొచ్చు. చివరిసారి జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు. రోజులు లెక్కపెట్టుకో.

వకీలు ఖర్చు గురించి మీ అమ్మ దిగులు పడుతోందట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి, ఆదాయం ఎంతైనా సరే, వకీలుని ఉచితంగా పెడతారు. 15100కి ఫోన్ చెయ్యి.

తమ్ముడు నలుగురిని వెంటేసుకుని వెళ్తానంటున్నాడట. ఆపు. వీళ్లు చెయ్యి చేసుకుంటే వాడు బాధితుడైపోతాడు, కేసు మనవాడి మీద పడుతుంది. ఎప్పుడైనా వాడు ఇంటి ముందుకొస్తే తలుపు తియ్యకుండా 112కి చెయ్యి.

శనివారం రైలుకి వచ్చెయ్యి. ఫోను, నోటుబుక్కు మర్చిపోకు. స్టేషన్‌కి నేనొస్తాను.

నీ పెద్దమ్మ