ట్యాబ్‌లు దొరక్కపోవడమే మంచిదైంది

చిరంజీవి వంశీకి,

మామయ్య ఆశీస్సులు. ఆఫ్రికాలోని మాలీ దేశపు గిటారిస్టు అలీ ఫార్కా తూరే 'నియాఫుంకే' ఆల్బమ్ పట్టుకున్నావని, ఏ తీగ మీద ఎక్కడ వేలు పెట్టాలో చూపించే ట్యాబ్‌లు ఎక్కడా దొరకట్లేదని మెసేజ్ పెట్టావు. దొరికితే రెండ్రోజుల్లో వాయించేసి, ఇక వచ్చేసిందనుకుంటావు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకుని ఒక పెళ్లి రిసెప్షన్‌లో వాయించాను. స్వరాలన్నీ సరిగ్గానే పడ్డాయి, పాట మాత్రం పడలేదు.

ఓ వారం గిటార్ ముట్టుకోకు. ఆ ఆల్బమ్‌లో సొరబుర్ర దరువు ఒక్కటే విను. ఎండిన పెద్ద బుర్రని సగానికి కోసి, బోర్లించి చేతుల్తో వాయిస్తారు. మన ఏక్‌తారకి, కిన్నెరకి కట్టే బుర్రలాంటిదే, అక్కడ తాళవాద్యమైంది. ఆ దరువు నీ కాలికి పట్టాక అతని గిటార్ విను. అప్పటిదాకా ఒకే ముక్క తిప్పి తిప్పి వాయిస్తున్నాడనిపించేది, నిజానికి ప్రతిసారీ కొద్దిగా మారుతోందని తెలుస్తుంది.

గిటార్ తీశాక కూడా ఒక్క తీగ మీదే వాయించు. ఇది నేను పెట్టే శిక్ష కాదు. అతను మొదట నేర్చింది ఒంటితీగ వాద్యాల మీదే. జుర్కెల్ అని ఒకటి, కమానుతో వాయించే న్జార్కా అని ఇంకొకటి. 1956లో గినీ కళాకారుడు ఫొదేబా కీతా ప్రదర్శన చూశాకే గిటార్ మీద మనసు పడింది. చేతికి ఆరు తీగలొచ్చినా ఆ ఒంటితీగ అలవాటు పోలేదని నాకనిపిస్తుంది. కింది తీగ శ్రుతిలా మోగుతూనే ఉంటుంది, పైన పాట నడుస్తుంది.

నీకొచ్చిన శుద్ధ ధన్యాసి స్వరాలు అక్కడ చాలాచోట్ల వినిపిస్తాయి. అలాగని గమకాలు తగిలించకు. మనం స్వరాన్ని ఊపుతాం, అతను చటుక్కున తగిలించి వదిలేస్తాడు. అమెరికా నల్లవాళ్ల బ్లూస్ సంగీతం అని కూడా అనకు. బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ రికార్డు మొదటిసారి విన్నప్పుడు 'ఇది మా తమషెక్ పాటే కదా' అనుకున్నాడట అలీ ఫార్కా! తమషెక్ అంటే అక్కడి తువారెగ్ జనం భాష.

చాలామంది 1994 నాటి 'టాకింగ్ టింబక్టూ' దగ్గర మొదలుపెడతారు. మన మోహనవీణ విశ్వమోహన్ భట్‌తో కలిసి వాయించిన అమెరికా గిటారిస్టు రై కూడరే అందులోనూ ఉన్నాడు, గ్రామీ కూడా వచ్చింది. మంచి ఆల్బమే, కాదనను. కానీ దాన్ని అమెరికా స్టూడియోలో చేశారు. 1999లో వచ్చిన ఈ 'నియాఫుంకే' కోసం రికార్డింగ్ సామానే మాలీకి, నైజర్ నది ఒడ్డున ఉన్న అతని ఊరికి వెళ్లింది. పాడుబడిన ఇటుకల భవనం, జనరేటర్ కరెంటు. పొలం పనుల్లోంచి తీరిక దొరికినప్పుడే రికార్డింగ్. ఆ తొందర లేనితనం అందులో వినిపిస్తుంది. ఆ తర్వాత ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు.

పేరు సంగతి చెప్పనా? ఫార్కా అంటే గాడిద. అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఇతనైనా బతకాలని అలాంటి పేరు పెట్టారు. మన ఊళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టినట్టే. అది చదివిన రోజు నుంచి ఆయన నాకు దూరపువాడిలా అనిపించలేదు.

ఇంకొకటి. అతను పాడే సొంఘై భాష మాటలు తెలియకుండా చిలకలా పాడకు. అతను తన వాళ్ల భాషల్లో, తన వాళ్లకే పాడుకున్నాడు. నీకు కావాలంటే అమ్మమ్మ పాడే నాట్ల పాట ఉంది, దాన్ని ఆ దరువు మీద పెట్టి చూడు. కుదరకపోతే వదిలెయ్, బలవంతంగా అతికించకు.

వచ్చే నెల రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి పంపు. పెడల్స్ వద్దు. చెల్లిని బకెట్ బోర్లించి దరువు వెయ్యమను. అది నీకంటే నిలకడగా వేస్తుంది, దాని వెనకే నడు.

ఇట్లు,
మామయ్య