చిన్న చెక్క లేత్‌కు స్టాండు ఎలా ఉండాలి?

శ్రీకాకుళంలో ఇంటి వెనుక షెడ్డులో చిన్న లేత్ (చెక్కను తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రం) పెట్టుకుంటున్నామని, స్టాండు సొంతంగా ఎలా చేసుకోవాలని అడిగారు.

ముందు ఎత్తు తేల్చండి. నిటారుగా నిలబడి మోచేయి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. చెక్క తిరిగే ఇరుసు ఇంచుమించు ఆ ఎత్తులో ఉండాలి. లేత్ అడుగు నుంచి ఇరుసు వరకు ఉన్న కొలత అందులోంచి తీసేస్తే మిగిలేదే స్టాండు ఎత్తు.

అసలు చిక్కు అదురుతోనే. గుండ్రం తేలని మొద్దు బిగించి తిప్పితే తేలికపాటి స్టాండు నేలమీద నడక మొదలుపెడుతుంది. కాళ్లను ముందుకూ వెనక్కూ కాస్త చాచి, అడుగున పెట్టె కట్టి ఇసుక నింపండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అరడుగు లోతు ఉంటే సుమారు 45 కిలోల పొడి ఇసుక పడుతుంది. నాగావళి ఇసుక ఎండబెట్టి పోయండి. కళింగపట్నం తీరపు ఇసుక వద్దు. అందులోని ఉప్పు చెమ్మను లాగి బోల్టులను తినేస్తుంది.

కాళ్లకు బాగా ఎండిన తుమ్మ చాలు, టేకు దండగ. మేకులు అదురుకు వదులవుతాయి కాబట్టి నట్టు బోల్టులే వాడండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ప్రతి కాలి కిందా ఎత్తు సరిచేసుకునే బోల్టు పెట్టండి. చక్రాల ఆలోచన మాత్రం మానుకోండి.