మేక పేరు వెతకడానికి వెళ్తున్న మా బుజ్జికి

బుజ్జీ,

"నీ మేనకోడలు ఉద్యోగానికి సెలవు పెట్టి, మేకని ఏ భాషలో ఏమంటారో కనుక్కోవడానికి ఊళ్ళు తిరుగుతుందట. ఇదంతా నీ దగ్గర అంటుకున్న పిచ్చే" అని మీ నాన్న ఫోన్ చేసి మరీ తిట్టాడు. తిట్లు తింటూనే లోపల పొంగిపోయాననుకో. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల చుట్టపు మాటల్ని పక్కపక్కన పెట్టి చేసిన నిఘంటువు ఉంది కదా, 1961 నాటిది కాకుండా 1984 కూర్పు చూడు, ఇంటర్నెట్‌లో ఉంది. ఎవరినీ అడక్కుండా వాళ్ళ గొంతు రికార్డ్ చెయ్యకు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో.

అసలు నువ్వు పందిని ఎంచుకుంటే ఎంత సుఖపడేదానివో! మనకి పంది, తమిళంలో పన్ఱి, మలయాళంలో పన్ని, కన్నడంలో హంది, తుళులో పంజి, గోండిలో పద్ది. ఒకటిని తమిళంలో ఒన్ఱు, మలయాళంలో ఒన్ను, కన్నడంలో ఒందు, తుళులో ఒంజి అంటారు కాబట్టి పంది ఎటు నడిచిందో ఒకటీ అటే నడిచిందని చిన్నపిల్లలకైనా చూపించొచ్చు. కన్నడం వాళ్ళ హకారం కూడా భయపడాల్సింది కాదు, పులి హులి అయింది, పాలు హాలు అయింది, పాత కన్నడంలో అన్నీ పకారాలే. కానీ నీకు మేకే కావాలి. చిన్నప్పుడూ అంతే, సులువైన లెక్క ఇస్తే మొహం చిట్లించేదానివి.

ముందు 'మేక' అన్న మాటనే పక్కన పెట్టు. 'మే' అని అరిచే జంతువుకి ఆ పేరు ఎవరైనా ఎక్కడైనా పెట్టగలరు. కన్నడంలో మేకె ఉంది, సంస్కృత నిఘంటువుల్లోనూ మేక ఉంది, అంతమాత్రాన ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేలదు. కాకి, కాక్కై, కాక కూడా ఇదే బాపతు. నీకు పనికొచ్చేది ఏట. పొట్టేలుకి మన పాత మాట.

ఈ ఏట దగ్గరే నా భయమంతా. నాతోపాటు కాలేజీలో పనిచేసిన ఒకాయన ఉండేవారు, మంచి చదువరి, పద్యం ఎత్తుకుంటే స్టాఫ్ రూమంతా నిశ్శబ్దమైపోయేది. మటన్‌ని వేటమాంసం అనేవాళ్ళున్నారు కదా, ఆయన ఆ మాట పట్టుకున్నారు. ఏట అంటే వేటే, వకారం జారిపోయింది, వేటాడి తెచ్చుకున్న జంతువు కాబట్టి ఆ పేరు, మన పూర్వులు మేకల్ని పెంచడానికి ముందు అడవిలో వేటాడిన రోజుల జ్ఞాపకం ఈ మాటలో మిగిలిపోయింది అని పెద్ద వ్యాసం రాశారు. ఎంత బాగుందో చూడు! చదివితే కథలా ఉంటుంది, నమ్మాలనిపిస్తుంది. ఓ సభలో చదివారు, చప్పట్లు కొట్టారు కూడా. చివర్లో కన్నడం తెలిసిన ఒకావిడ లేచి, గొంతు కూడా పెంచకుండా ఒక్క ప్రశ్న అడిగింది. మీ వేరు మాకు బేరు, మీ వేప మాకు బేవు, మీ వేట మాకు బేటె. ఏట గనక వేటలోంచి వచ్చి ఉంటే దానికి చుట్టమైన మా మేక మాటకి కూడా ముందు బకారం ఉండాలి కదా, మరి మేము ఆడు అంటామేం? అంతే. తమిళంలో వేట వేట్టై, మేక ఆడు, పాత తమిళంలో యాడు. రెండూ ఎక్కడా కలవవు. ఒక్క తెలుగులో చూస్తే చుట్టాల్లా కనిపించినవి పక్క భాషలోకి వెళ్ళేసరికి ముక్కూమొహం తెలియని మాటలైపోయాయి.

తప్పు చెయ్యడం పెద్ద విషయం కాదు బుజ్జీ. ఈ పనిలో తప్పు చెయ్యని పెద్దలు లేరు. ఆయన ఆ తర్వాత రాయడం మానేశారు. నోటుపుస్తకాల నిండా పల్లెల్లో సేకరించిన మాటలు, చేపల పేర్లు, పిట్టల పేర్లు, అన్నీ కట్టగట్టి అటక మీద పడేశారు. అడిగితే నవ్వేసేవారు. నువ్వు తప్పు రాస్తావేమోనని కాదే నా బెంగ, ఎవరో ఒక మాట అంటే అన్నీ కట్టగట్టేస్తావేమోనని. నీకు ఆ మొండితనం ఉంది, మీ తాతయ్యది.

అందుకే ఒక మాట దొరకగానే దానికి తోడు వెతుకు. పాత తమిళంలో యాండు, మనకి ఏడు, సంవత్సరం అనే అర్థంలో. యాఱు మనకి ఏరు. యానై మనకి ఏనుగు. అంటే వాళ్ళ 'యా' మన దగ్గర 'ఏ' అవుతోంది, ఒకచోట కాదు, వరసగా. ఆ వరసలోనే యాడు పక్కన ఏట నిలబడుతుంది. జార్ఖండ్ వైపు మాట్లాడే కురుఖ్‌లో ఏడా, అక్కడి రాజమహల్ కొండల్లో మాల్తో భాష వాళ్ళు ఏడె, రెండూ ద్రావిడ భాషలే. ఇంకా పైకి, పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో బ్రాహుయీ అనే ద్రావిడ భాష వాళ్ళు ఆడమేకని హేట్ అంటారు. అంకెల్లో ఒకటి, రెండు, మూడు తప్ప మిగతావన్నీ ఇరానీ భాషల నుంచి తీసుకున్న భాష అది. అలాంటిది మేకని మాత్రం వదల్లేదు. నేను మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసేసి అలా కూర్చుండిపోయాను. అక్కడికి నువ్వు వెళ్ళలేవు, వెళ్తానని అనకు కూడా, డెనిస్ బ్రే 1934లో అచ్చు వేసిన బ్రాహుయీ పదకోశం చాలు.

తుళు దగ్గర మాత్రం ఆగు. వాళ్ళు ఏనుగుని కన్నడం వాళ్ళలాగే ఆనె అంటారు, మేకని మాత్రం ఏడు అంటారు. ఒకే రకం మాటలు రెండు, ఒకటి అటూ ఒకటి ఇటూ. ఆ చిక్కు సర్దేసి రాయకు. చిక్కుని చిక్కుగానే రాయి.

అర్థం కూడా చూసుకో. ఒకచోట మేక, ఒకచోట ఆడమేక, మన దగ్గర పొట్టేలు. అందుకని కాపరుల దగ్గరికి వెళ్ళి "మేకని ఏమంటారు" అని తెలుగులో అడగొద్దు. ఆదిలాబాద్‌లో గోండి, కొలామి మాట్లాడేవాళ్ళకి తెలుగు బాగా వచ్చు, మర్యాద కోసం నీ మాటే నీకు తిరిగి చెప్తారు. మందలోకి వెళ్ళి వేలు పెట్టి చూపించు. పోతు, ఈనింది, ఈననిది, పిల్ల, గొర్రె, విడివిడిగా అడుగు. ముసలమ్మల్ని అడుగు, మగవాళ్ళు ఉద్యోగస్తుల్ని చూడగానే గంభీరంగా అయిపోతారు. వాళ్ళు తెలుగు మాటే చెప్తే అదీ రాసుకో, మాట అరువు తెచ్చుకోవడం కూడా చరిత్రే.

ఇక కుక్కలు. నవ్వకు. మంద ఉన్నచోట కుక్క ఉంటుంది, అది నీ పరిశోధన చూసి తోక ఊపదు. దూరం నుంచే కాపరిని కేకెయ్యి, అతను వచ్చి నిన్ను తీసుకెళ్ళేదాకా అడుగు ముందుకెయ్యకు, పరిగెత్తకు. నన్ను కరిచిన రోజుల్లో బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిచేవాళ్ళు, ఇప్పుడు చేతికే వేస్తున్నారు కాబట్టి నీకా సాకు కూడా లేదు. చిన్న గీత పడినా సబ్బు రాసి పావుగంట నీళ్ళ ధార కింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు. పసుపు పెట్టారు, కట్టు కట్టారు అని నాకు చెప్పావో ఊరుకోను.

ఇంకొకటి. యాడు పాతరూపం అని రాయగానే "అయితే తమిళమే తల్లి" అని కొందరు పండగ చేసుకుంటారు, మనవాళ్ళు నీ మీదకి వస్తారు. ఒక మాటలో పాత ధ్వని నిలబెట్టుకున్నంత మాత్రాన ఆ భాష అన్నిటికీ తల్లి కాదు. పంది విషయంలో ఒకరు పాతదనం కాపాడితే ఇంకోదానిలో ఇంకొకరు కాపాడతారు. మూలరూపం ముందు చుక్కగుర్తు పెడతారు చూడు, దాన్ని ఎవరూ వినలేదు, ఎక్కడా రాసి లేదు, లెక్క కట్టి తీశారని అర్థం. ఆ చుక్క ఎగరగొట్టి రాయకు. 1816లో మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో చుట్టరికమని చూపించాడు. రెండు వందల ఏళ్ళు దాటినా ఒప్పుకోనివాళ్ళున్నారు. వాళ్ళతో రాత్రుళ్ళు వాదనకి కూర్చోకు, నిద్రపో.

బస్సు ఎక్కేముందు ఫోన్ చెయ్యి. మీ నాన్నతో నేను మాట్లాడతాను. డబ్బు సరిపోకపోతే ఆయన్ని అడక్కు, నన్నడుగు. తుళు వాళ్ళు ఏమన్నారో మాత్రం ముందు నాకే చెప్పాలి.

మీ అత్తయ్య