మన నమ్మకాన్ని మనమే పరీక్షించుకోవడం ఎలా?

నేను గట్టిగా నమ్మేది తప్పేమోనని ఎలా తెలుస్తుందన్నది ప్రశ్న. ఔననిపించే ఉదాహరణలు పోగేయడం ఆపి, కాదనిపించేది ఒక్కటైనా దొరుకుతుందేమో వెతకండి.

1960లో పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ఒక ప్రయోగం వివరాలు ప్రచురించాడు. 2, 4, 6 ఒక నియమం ప్రకారం ఉన్నాయి, అదేమిటో కనిపెట్టాలి. మీరు ఏ మూడు సంఖ్యలు చెప్పినా అవి నియమానికి సరిపోతాయో లేదో చెబుతారు. 8, 10, 12 అంటే సరే. 20, 22, 24 అన్నా సరే. ఇంకేం, రెండేసి పెరుగుతున్నాయని ధీమాగా తేల్చేస్తాం. తప్పు! ప్రతి సంఖ్యా ముందుదాని కంటే పెద్దదైతే చాలు, నియమం అంతే. 1, 2, 9 అని అడిగి చూస్తే ఇట్టే బయటపడేది. తన ఊహకు ఎదురు వెళ్లే ప్రశ్న అడగాలని చాలామందికి తట్టదు.

కారం తింటే అల్సర్ వస్తుందన్న మాటా ఇలాంటిదే. కడుపునొప్పి వచ్చిన రోజు తిన్న ఆవకాయ గుర్తుంటుంది, తిన్నా ఏమీ కాని రోజులు లెక్కలోకి రావు. ఎక్కువ అల్సర్లకు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, లేదంటే కొన్ని రకాల నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియా సంగతి తేల్చిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. (కారం మంట పెంచొచ్చు, అది వేరే సంగతి.)

డార్విన్ తన సిద్ధాంతానికి అడ్డొచ్చే విషయం కనబడగానే రాసి పెట్టుకునేవాడు, అలాంటివే త్వరగా మరిచిపోతామని గమనించి. మీరు ఫోన్‌లో రాసుకున్నా చాలు. అన్నిటికీ అక్కర్లేదు, డబ్బు, ఆరోగ్యం, పిల్లల చదువు లాంటివాటికి మాత్రం తప్పదు.