పాపం అనిపించకు

చిన్నూ,

ఆఫ్రికా రచయిత్రుల ప్రేమకథలు తెలుగు చేస్తానని రాశావు. చాలా సంతోషం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను, నువ్వు చేయకుండా ఉంటావని.

చాలా ఏళ్ల కిందట బెస్సీ హెడ్ కథ ఒకటి తెలుగు చేశాను. 1977లో వచ్చిన ‘ది కలెక్టర్ ఆఫ్ ట్రెజర్స్’. ఆవిడ పుట్టింది దక్షిణాఫ్రికాలో, స్థిరపడింది బోట్స్వానాలోని సెరోవేలో. కథలో దికెలెదినీ ముగ్గురు కొడుకులనూ మొగుడు వదిలేసిపోతాడు. ఎనిమిదేళ్లయ్యాక, పెద్దవాడి స్కూలు ఫీజు అడిగిందని, పడక మీద హక్కు వెతుక్కుంటూ తిరిగొస్తాడు. ఆమె అతన్ని చంపి జైలుకెళ్తుంది. వాళ్ల సెట్స్వానా భాషలో దికెలెది అంటే కన్నీళ్లు. నేను ఆ పేరు పట్టుకుని పేజీకోసారి ఆమెను ఏడిపించాను. పాఠకుల ఉత్తరాలన్నిట్లో ఒకటే మాట: పాపం!

సిగ్గేసి మళ్లీ మూలం తెరిస్తే కనబడినవి ఆమె చేతులు. కుట్టే చేతులు, అల్లే చేతులు, ఇల్లు కప్పే చేతులు. ఆమె కప్పిన ఇల్లు కురవదని పేరు. ప్రేమా అక్కడే ఉంది. పక్కింటి కెనలెపెతో స్నేహంలో, జైల్లో తోటి ఖైదీ చూపిన ఆదరణలో. ఆమె పోగేసుకున్న నిధులు అవే. నా కన్నీళ్ల కింద అవన్నీ కొట్టుకుపోయాయి.

తిండి గురించి అడిగావు. బోట్స్వానాలో జొన్న తింటారు, జొన్నసంకటి అని నిశ్చింతగా రాయి. పక్కన ఆవకాయ మాత్రం వడ్డించకు.

ఉగాండా రచయిత్రి మోనికా అరాక్ డి న్యెకో రాసిన ‘జంబుల ట్రీ’ ఎలాగూ చేస్తావు. 2007లో, ఆఫ్రికా కథలకిచ్చే కెయిన్ ప్రైజ్ వచ్చిన కథ. జంబుల మన నేరేడే, కాబట్టి నేరేడు అనే రాయి. చదివేవాళ్లకి నాలుక ఊదారంగైన రోజులు గుర్తొస్తే రానీ. కానీ అది ఇద్దరమ్మాయిల ప్రేమ. ‘గాఢ స్నేహం’ అని మెత్తబరచకు. ఎడిటర్ అలా మార్చమంటే కథ వెనక్కి తీసుకో. ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండు.

అన్నిటికన్నా ముందు మాత్రం ఘనా రచయిత్రి అమా అటా ఐడూ కథ పట్టుకో, 1970లో అదే పేరుతో వచ్చిన సంపుటిలోని ‘నో స్వీట్‌నెస్ హియర్’. ఇంగ్లీషులోనే రాసినా వినిపించేది అక్కడి ఊరి మాట. కలం పట్టేముందు రెండుసార్లు పైకి చదువు. చివర్లో పాము కాటుకు కొడుకు పోయిన తల్లి, వాడి పుస్తకాలూ స్కూలు బట్టలూ గుండెకు హత్తుకుని మోకాళ్ల మీద ఉంటుంది. అక్కడ నీ మాట ఒక్కటి కూడా కలపకు.

ఆ పేజీ అవగానే పంపు. కాస్త పెద్దక్షరాల్లో ప్రింట్ తీయి, నాకు కళ్లజోడు మళ్లీ మారింది.

నీ పెద్దమ్మ